పాత ఇంటి గోడకు చెమ్మ పడితే, బాగు చేయించాక ఇంకా పాడైతే: ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

బందరులో మా తాతగారు కట్టించిన ఇంటికి ఎనభై ఏళ్లు దాటాయి. 18 అంగుళాల ఇటుక గోడలు, సున్నంతో కట్టినవి. పైన టేకు దూలాల మీద మద్రాసు టెర్రస్, అంటే ఇటుకలు, సున్నంతో వేసిన పాతకాలపు కప్పు. హాల్లో వీధి వైపు గోడకు అడుగున రెండడుగుల ఎత్తు వరకు చెమ్మ కనిపిస్తోందని ఒక కాంట్రాక్టరును పిలిచాం. ఆయన మనుషులు పాత పూత కొట్టేసి, నీటిని ఆపే మందు కలిపిన సిమెంటుతో నాలుగడుగుల ఎత్తు వరకు ప్లాస్టరింగ్ చేసి, లప్పం పెట్టి, రెండు కోటింగులు రంగు వేసి వెళ్లారు. ఇల్లు కొత్తగా కట్టినట్టు కనిపించింది. అమ్మ ఎంత సంబరపడిందో. మరుసటి ఏడు కార్తీకం వచ్చేసరికి ఆ సిమెంటు పూత ఎక్కడ ఆగిందో దానికి పైన, అంతకుముందు ఎన్నడూ తడి ఎరుగని చోట, గోడ ఉబ్బి పెచ్చులు రాలడం మొదలైంది.

డబ్బు పోయింది సరే, గోడ మునుపటి కంటే పాడైంది. కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో పడినవాళ్లకే తెలుస్తుంది. తర్వాత రెండేళ్లు తిరిగి, అడిగి, చదివి, చేయించి నేర్చుకున్నది ఇక్కడ వరుసగా రాస్తున్నాను. వరుస ముఖ్యం. మేము చేసిన తప్పంతా చివర చేయాల్సిన పని మొదట చేయడమే.

ముందు చేతులు కట్టుకోండి

ఉబ్బిన గోడ చూడగానే ఇంకో మేస్త్రిని పిలిచి కొట్టించేయాలనిపిస్తుంది. వద్దు. ఆ చెడిన పనే మీకు సాక్ష్యం. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో చెప్పేది కూడా అదే.

ఆగకుండా వెంటనే చేయాల్సినవి రెండే ఉన్నాయి. చెమ్మ పట్టిన గోడలో స్విచ్ బోర్డు గానీ ప్లగ్ పాయింట్ గానీ ఉంటే ఆ లైను మెయిన్‌లో తీసేయించి, ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. పాత ఇళ్లలో చాలాచోట్ల ఫ్యూజు కట్టలే తప్ప షాక్ నుంచి కాపాడే ఆర్‌సీసీబీ ఉండదు. 30 మిల్లీ ఆంపియర్లది ఒకటి పెట్టించండి. రెండోది పైకప్పు. దూలం గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. గట్టి టేకులో అది దిగదు. మెత్తగా దిగిపోతే కొన కుళ్లిందని అర్థం. ఆ గదిలో పడుకోవడం మానేసి, కింద ఆసరా పెట్టించి, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. స్లాబు ఇల్లయితే, అడుగున పెచ్చులు ఊడి తుప్పు పట్టిన ఇనుము కనిపించినా అంతే.

ఇక రాసుకునే పని. చెమ్మ ఎంత ఎత్తు వరకు ఉందో ఆ అంచు వెంట పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేయండి. పక్కన కొలత టేపు పెట్టి ఫోటో తీయండి. ఒక నోటుబుక్కులో వాన ఎప్పుడు పడింది, ఎంతసేపు పడింది, గీత కదిలిందా లేదా అని రాస్తూ ఉండండి. మూడు వారాలు చాలు, మధ్యలో ఒక మంచి వాన పడితే ఇంకా మేలు. ఈ గీతలే తర్వాత మాకు సగం జవాబు చెప్పాయి.

మీ గోడ సున్నమా, సిమెంటా

బీరువా వెనకో, అటక మీదో, ఎవరూ ముట్టని మూల ఒకటి చూసుకుని ఇటుకల మధ్య గారను తాళంచెవితో గీకండి. తెల్లగానో గోధుమ రంగులోనో పొడిపొడిగా రాలి, అందులో సన్నటి తెల్లటి సున్నపు ముద్దలు కనిపిస్తే అది సున్నపు కట్టుబడి. బూడిద రంగులో గట్టిగా ఉండి తాళంచెవి జారిపోతే సిమెంటు. వేలితో నొక్కితే నలిగిపోయే ఎర్రటిదైతే మట్టి కట్టుబడి.

ఇది తెలియకపోతే మిగతా పనంతా గుడ్డిదే. సున్నపు గోడ నీటిని పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. ఇటుకలోనూ సున్నంలోనూ ఉన్న సన్నటి రంధ్రాల గుండా, దీపపు వత్తి నూనెను పైకి లాగినట్టు, నేలలోని తడి గోడ ఎక్కుతుంది. అది బయటికి ఆరిపోతున్నంత కాలం అడుగున రెండడుగుల మచ్చ తప్ప పెద్ద నష్టం ఉండదు. దాని మీద సిమెంటు పూశామనుకోండి, ఆరే దారి మూసుకుపోతుంది. నీరు మాత్రం రావడం ఆగదు. ఆరే చోటు వెతుక్కుంటూ సిమెంటు అంచు దాటేదాకా ఎక్కుతుంది. మా ఇంట్లో రెండడుగుల చెమ్మ నాలుగున్నర అడుగులైంది అందుకే. గోడకు నాలుగడుగుల ఎత్తున టైల్స్ అతికించినా ఇదే జరుగుతుంది, కాకపోతే కొన్నాళ్లు కనబడదు.

మేస్త్రులందరూ మోసగాళ్లని నేననుకోను. మా ఇంటికి వచ్చినవాళ్లు సిమెంటు ఇళ్లు కడుతూ పెరిగారు, తెలిసిన పనే చేశారు. సున్నపు గోడ పనిని చూసినవాళ్లే ఇప్పుడు తక్కువ. కానీ తెలియని పనిని పదేళ్ల గ్యారంటీ అని నోటితో చెప్పి ఒప్పుకోవడం మాత్రం తప్పే.

నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ఎవరు ఏ మందు అమ్మజూపినా ఈ ప్రశ్నకు జవాబు దొరికే దాకా ఒక్క రూపాయి ఖర్చు చేయొద్దు.

చెమ్మ ఉన్న చోటే చాలా చెబుతుంది. నేల నుంచి మొదలై, మూడు నాలుగు అడుగుల లోపు, గోడ పొడవునా ఇంచుమించు ఒకే ఎత్తున ఉంటే, పై అంచున తెల్లటి ఉప్పు పొంగి ఉంటే, నేల చెమ్మ. గోడ మధ్యలోనో కిటికీ పక్కనో మచ్చగా ఉండి, వాన పడిన ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంటే, బయటి నుంచి గోడలోకి నీరు దిగుతోంది. సన్‌షేడ్ గోడను కలిసే చోట, పిట్టగోడ అడుగున, కిటికీ చట్రం చుట్టూ పగుళ్లు చూడాలి. వానతో సంబంధం లేకుండా ఎండాకాలంలోనూ ఒకేలా ఉంటే పైపు. పై మూలల్లో గుండ్రటి మచ్చలు, కప్పు నుంచి కారిన చారలు ఉంటే ఇల్లు కురుస్తోందన్నమాట. బీరువా వెనక, గాలి ఆడని మూలల్లో నల్లటి బూజు మాత్రమే ఉండి గోడ ఉబ్బకపోతే అది గాలిలోని తేమే. బీరువాను గోడ నుంచి నాలుగు అంగుళాలు జరిపి, కిటికీలు తెరిస్తే చాలావరకు తగ్గుతుంది.

అనుమానం తీరకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. అడుగు వెడల్పు, అడుగు పొడవు పాలిథిన్ కవరు ముక్కను చెమ్మ ఉన్న చోట నాలుగు అంచులా టేపుతో గట్టిగా అతికించి రెండు రోజులు ఉంచండి. నీటి బొట్లు కవరు లోపలి వైపు, గోడ పక్కన పడితే తడి గోడలో ఉంది. గదివైపు పడితే గాలిది.

పైపు అనుమానానికి రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి, ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటి మట్టానికి గుర్తు పెట్టుకోండి. పొద్దున్నే చూడండి. దిగితే ఎక్కడో కారుతోంది. బాత్‌రూమ్ నేల అనుమానమైతే నీళ్లు బయటికి పోయే గొట్టం మూసి, రంగు కలిపిన నీళ్లు అంగుళం మేర ఒక రోజు నిలబెట్టి, అవతలి గోడ చూడండి.

పాత ఇళ్లలో నేను పదేపదే చూసిన తప్పులు మూడున్నాయి. ఒకటి, తర్వాత కట్టిన అటాచ్డ్ బాత్‌రూమ్. సున్నపు గోడను ఆనుకుని దాన్ని కట్టి, ఆ గోడలోనే గాడి కొట్టి పైపులు దించుతారు. రెండు, ఏసీ నీళ్ల గొట్టం. అది సన్నగా, రోజంతా, నెలల తరబడి గోడ మొదట్లోనే కారుతుంది. బకెట్టు పెట్టి చూస్తే అది ఎన్ని నీళ్లో తెలుస్తుంది. మూడోది రోడ్డు. వేసినప్పుడల్లా పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త పొర వేయడంతో వీధి ఎత్తు పెరిగి ఇల్లు పల్లంలో పడుతుంది. తాతగారు వీధి నుంచి మూడు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లేవారట. ఇప్పుడు ఒక మెట్టే మిగిలింది. దానికి తోడు మేమే ఇంటి చుట్టూ సిమెంటు చప్టా వేయించాం, శుభ్రంగా ఉంటుందని. వాన నీళ్లు చప్టా మీద పడి గోడ మీదికి చిందేవి. చప్టా కింద నేల ఆరడానికి వీల్లేక గోడ వైపే తడిని తోసేది.

మూడు వారాల పెన్సిలు గీతలు చూస్తే మా ఇంట్లో వీధి గోడ అంతటా చెమ్మ ఉన్నా, ఈశాన్యం మూల ఏడెనిమిది అంగుళాలు ఎక్కువ ఎత్తుంది. బయట సరిగ్గా అక్కడే ఏసీ గొట్టం ఉంది.

ఇంకో సంగతి కోస్తా ఊళ్లవాళ్లు తెలుసుకోవాలి. నేల నీటిలోని ఉప్పు గోడలో పేరుకుంటుంది. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే, గాలి నుంచే నీరు లాక్కుని కరుగుతుంది. ఉప్పు జాడీ వానాకాలంలో చెమర్చేది అందుకే. బందరు, కాకినాడ, నెల్లూరు లాంటి చోట్ల ఏడాదిలో చాలా రోజులు తేమ అంతకన్నా ఎక్కువే. కాబట్టి నీటి దారి మూసేశాక కూడా ఉప్పు నిండిన పాత పూత ముసురు పట్టినప్పుడల్లా తడుస్తూనే ఉంటుంది. గోడకు సూదులు గుచ్చి చూసే తేమ మీటరు కూడా ఉప్పు ఉన్న చోట ఎక్కువ అంకె చూపిస్తుంది. ఆ అంకె చూపించి భయపెట్టేవాళ్లను నమ్మకండి.

కాంట్రాక్టరుతో లెక్క తేల్చుకోవడం

కారణం తెలిసింది. ఇప్పుడే, పాడైన పూత కొట్టించకముందే, పని చేసిన మనిషితో మాట్లాడాలి.

కోపంగా వెళ్లకండి. నేను మొదటిసారి అలాగే వెళ్లాను, పది నిమిషాల్లో మాటలు పెరిగి ఆయన వెళ్లిపోయాడు. రెండోసారి నోటుబుక్కు, ఫోటోలు పట్టుకుని, మా బాబాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. "మీరు నాలుగడుగుల వరకు పూశారు. చెమ్మ నాలుగున్నర అడుగులకు ఎక్కింది. ఇదిగో తేదీలు. మీరొచ్చి చూసి ఏం చేద్దామో చెప్పండి" అన్నాను. "ఆ ఇల్లు పాతదమ్మా, ఏం చేసినా అంతే" అన్నాడాయన. "పాతదని తెలిసే కదా పని ఒప్పుకున్నారు" అని బాబాయి నెమ్మదిగా అన్నాడు. ఆయన వచ్చి చూశాడు. పూర్తిగా కాకపోయినా, పాడైన పూతను తర్వాత ఖర్చు లేకుండా కొట్టిస్తానని ఒప్పుకుని, ఇచ్చినదాంట్లో కొంత వెనక్కి ఇచ్చాడు. అదే మేలనుకున్నాం.

అందరికీ అలా తేలదు. తేలకపోతే ఈ వరుసలో వెళ్లండి. ఒప్పందం కాగితం, బిల్లులు, ఫోన్‌పే చెల్లింపుల వివరాలు, వాట్సాప్ సంభాషణ అన్నీ ఒకచోట చేర్చండి. వాడిన మందు డబ్బాలు, సిమెంటు బస్తాలు మిగిలి ఉంటే పారేయకండి. సంబంధం లేని సివిల్ ఇంజనీరు ఒకరిని పిలిచి, ఏ పని ఎందుకు చెడిందో, బాగు చేయడానికి ఎంతవుతుందో రాతపూర్వకంగా తీసుకోండి. ఈ రిపోర్టు లేకపోతే ఎక్కడికి వెళ్లినా మీ మాట బలహీనమే. వాటర్‌ప్రూఫింగ్ సరుకు అమ్మేవాళ్లు ఉచితంగా ఇచ్చే రిపోర్టు దీనికి పనికిరాదు. తర్వాత కాంట్రాక్టరుకు స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు ఉండేలా ఉత్తరం రాయండి. ఏం చేస్తానన్నారు, ఏం జరిగింది, ఎన్ని రోజుల్లో ఏం చేయాలి అన్నవి ఒక పేజీలో, తిట్లు లేకుండా ఉండాలి.

దానికీ కదలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఉంది. డబ్బు తీసుకుని చేసిన నిర్మాణ పనిలో లోపం ఉంటే అది సేవా లోపం కిందికి వస్తుంది. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. 5 లక్షల వరకు రుసుము లేదు. మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్ల గడువు ఉంది, ఇది మరిచిపోకండి. రేపు మాపు అని మాటలతో కాలం గడిపేవాళ్లు ఈ గడువు దాటిస్తారు. ముందు 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసి చూడండి. కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకుంటే కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి కూర్చోబెడతారు.

ఒక్క మెలిక ఉంది. మీరే సిమెంటు, ఇసుక తెచ్చి, ఎలా చేయాలో మీరే చెబుతూ, రోజు కూలీకి మేస్త్రిని పెట్టుకుంటే దాన్ని సేవా లోపమని నిరూపించడం కష్టం. గుత్తకు ఇచ్చిన పనికే ఈ దారి సరిపోతుంది. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టంలో ఐదేళ్ల లోపాల బాధ్యత గురించి చాలామంది అడుగుతారు. అది బిల్డరు దగ్గర కొన్న కొత్త ఫ్లాట్లకు, ఇళ్లకు. పాత ఇంటి మరమ్మతుకు వర్తించదు.

నీటి దారి మూయడం

ఇంటి బయట మొదలుపెట్టండి. ఇంట్లో నేల మట్టం కంటే బయటి నేల కనీసం 6 అంగుళాలు కిందికి ఉండాలి. మట్టి పెరిగి ఉంటే తవ్వి తీయించండి. గోడను ఆనుకున్న సిమెంటు చప్టాను అడుగున్నర వెడల్పు మేర పగలగొట్టి, ఆ చోట అడుగు లోతు తవ్వి కంకర నింపండి. పునాది కంటే లోతుకు మాత్రం తవ్వొద్దు. పాత ఇళ్ల పునాదులు కొన్ని చాలా పైనే ఉంటాయి, తవ్వే ముందు ఒకచోట చిన్న గుంట తీసి చూసుకోండి. ఆ కంకర కాలువకు వీధి కాలువ వైపు వాలు ఇవ్వండి. వీధే ఎత్తయిపోయి వాలు దొరక్కపోతే, ఇంటికి దూరంగా ఒక ఇంకుడు గుంత తీసి దానిలోకి మళ్లించాలి. బందరులో నేల నీరు బాగా పైనే ఉంటుంది, మా దగ్గర ఇంకుడు గుంత వానాకాలంలో నిండిపోయింది. పెరట్లో చిన్న తొట్టి కట్టి మోటారుతో తోడుకోవాల్సి వచ్చింది.

ఏసీ గొట్టాన్ని పొడిగించి దూరంగా వదలండి. డాబా తూముల కింద గొట్టాలు పెట్టి నీళ్లు గోడ మీద పడకుండా దించండి. కారే పైపు మార్పించండి. పాత గోడకు ఆనించిన బాత్‌రూమ్ ఉంటే పైపులను గోడలోంచి తీసి గోడ మీద బయటికి కనబడేలా వేయించడం మంచిది, చూడటానికి అంత బాగోకపోయినా. మా ఇంట్లో ఈ పనులకే చెమ్మ గీత నాలుగు నెలల్లో అడుగున్నర దిగింది. గోడను ఇంకా ముట్టుకోనేలేదు.

గోడ అడుగున వరుసగా రంధ్రాలు చేసి, నాలుగైదు అంగుళాల దూరంలో మందు ఎక్కించే పద్ధతి ఒకటుంది. ఇటుక వరుసలు తిన్నగా ఉండి, గోడ మందం తక్కువైతే అది పనిచేయొచ్చు. లోపల రాయి, ఇటుక ముక్కలు, ఖాళీలు ఉండే 18 అంగుళాల గోడలో మందు అంతటా పట్టిందని ఎవరూ చెప్పలేరు. పైవన్నీ చేసి, ఒక వానాకాలం చూసి, ఇంకా తగ్గకపోతే అప్పుడు ఆలోచించండి.

సిమెంటు తీయడం, గోడను ఆరనివ్వడం

చెమ్మ గీతకు పైన ఇంకో అడుగు వరకు సిమెంటు పూత తీయాలి. వేలి కణుపుతో కొడుతూ వెళ్తే డొల్ల శబ్దం వచ్చే చోట తేలిగ్గా ఊడుతుంది. అక్కడ మొదలుపెట్టండి. కరెంటు బ్రేకరు పెట్టొద్దు, సున్నపు ఇటుక దెబ్బతింటుంది. ఉలి, చిన్న సుత్తితో నెమ్మదిగా చేయించండి. రోజు కూలీ పెరిగినా సరే. ఇటుకల మధ్య పొడైపోయిన గారను అర అంగుళం లోతు గీకించి, పైకి వచ్చిన తెల్లటి ఉప్పును పొడి బ్రష్షుతో దులపండి. నీళ్లతో కడగొద్దు, ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. దులిపిన పొడిని గోనెపట్టా మీద పట్టి దూరంగా పారేయండి. వారానికోసారి దులుపుతూ ఉండండి. మొదటి నెల విపరీతంగా పొంగుతుంది, తర్వాత తగ్గుతుంది.

ఇక ఆరాలి. ఓపిక కావాల్సింది ఇక్కడే. అంగుళం మందానికి నెల అనే మోటు లెక్క ఒకటుంది. మన ఎండలకు త్వరగా ఆరొచ్చు గానీ, మందపాటి గోడకు వారాలు చాలవు, నెలలు కావాలి. కార్తీకం దాటాక కొట్టించి, మాఘం, ఫాల్గుణం ఆరనిచ్చి, మళ్లీ పూత వేయించడం మాకు సరిపోయింది. ఇంటికి చుట్టాలొస్తారు, గోడ అలా ఇటుకలు కనబడుతూ ఉంటే బాగోదని అమ్మ బాధపడేది. సంక్రాంతికి ఒక పాత చీరను తెరలా వదులుగా వేలాడదీశాం, గాలి ఆడేలా.

మళ్లీ పూత: సున్నంతోనే

రాతి సున్నం గానీ గుల్ల సున్నం గానీ తెచ్చి, నీళ్లలో నానబెట్టి, కనీసం రెండు వారాలు ఆ నీటి కిందే ముద్దగా ఉంచండి. ఎన్నాళ్లు నానితే అంత మంచిది. సున్నం నీళ్లలో వేసినప్పుడు కుతకుతా ఉడుకుతుంది, చిమ్ముతుంది. కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ ఆ పనికి పెట్టొద్దు, పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు. కంట్లో పడితే వెంటనే పావుగంట సేపు ధారగా నీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఒక పాలు సున్నపు ముద్ద, రెండు పాళ్లు జల్లించిన ఏటి ఇసుక, ఒక పాలు మెత్తటి ఇటుక పొడి. మా పెద్దమేస్త్రి కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కూడా కలిపాడు, పూర్వం గానుగ సున్నంలో కలిపేవారట. కలిపే నీళ్లు మాత్రం తాగే నీళ్లై ఉండాలి. మొదటి కాంట్రాక్టరు మా ఉప్పు బోరు నీళ్లతోనే సిమెంటు కలిపి, దానితోనే క్యూరింగ్ చేశాడు. గోడలోకి ఉప్పును మేమే డబ్బిచ్చి పోయించుకున్నట్టయింది.

గోడను ముందు తేలిగ్గా తడిపి, అర అంగుళానికి మించకుండా ఒక పొర వేయించండి. అది బిగిశాక రెండోది. ఒక్కో పొరకు వారం పాటు తడి గోనెపట్టాలతో నీడ పట్టాలి. ఎండకు గబుక్కున ఆరితే పగులుతుంది, పొడిపొడిగా రాలుతుంది. "కాస్త సిమెంటు కలిపితే తొందరగా గట్టిపడుతుంది కదమ్మా" అని మేస్త్రి అంటాడు. ఒప్పుకోకండి. కొద్దిపాటి సిమెంటు సున్నాన్ని గట్టిపరచదు, బలహీనం చేస్తుంది. లప్పం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ప్లాస్టిక్ పెయింటు కూడా వద్దు. పైన తుమ్మ జిగురు కలిపిన వెల్ల రెండు మూడు సార్లు వేయించండి, కావాలంటే లేత రంగు కలపొచ్చు. మొదటి ఏడాది అక్కడక్కడా కొంచెం ఉప్పు పొంగుతుంది. దులిపి మళ్లీ వెల్ల వేస్తే సరి. గోడలో మిగిలిన ఉప్పును ఈ పూత తన మీదికి తీసుకుంటోంది, ఇటుక చెడకుండా.

సిమెంటుతో కట్టిన ఇల్లయితే ఈ సున్నం తతంగం అవసరం లేదు. అక్కడ నీటి దారి మూసి, గోడ ఆరాక, ఉప్పు లేని ఇసుక, మంచి నీళ్లతో సిమెంటు పూతే వేసుకోవచ్చు.

డాబా

మద్రాసు టెర్రస్ కురుస్తుంటే చాలామంది చేసేది పైన రెండంగుళాల సిమెంటు కాంక్రీటు పోయడం. 100 చదరపు అడుగులకు అది టన్నుకు పైగా బరువు, ఎనభై ఏళ్ల దూలాల మీద. ఎండకు సిమెంటు ఒకలా, కింది సున్నం ఒకలా వ్యాకోచించి ఏడాదిలో పగుళ్లు వస్తాయి, ఆ పగుళ్లలోంచి దిగిన నీరు ఆరే దారి లేక దూలాల్లోకి పోతుంది. స్లాబుకు చేసినట్టు నీళ్లు నిలబెట్టి పరీక్ష చేయడమూ ప్రమాదమే. అంగుళం నీళ్లే 100 చదరపు అడుగులకు 230 కిలోలు దాటతాయి. పైపుతో ఒక్కో భాగం మీద పావుగంట నీళ్లు వదులుతూ కింద ఒకరు చూస్తే చాలు.

సాధారణంగా దొరికే తప్పులు చిన్నవే: పూడిపోయిన తూము, పిట్టగోడ మొదట్లో పగులు, విరిగిన పలక ఇటుకలు, మొలిచిన రావి మొక్క. మొక్కను పైన విరిచేస్తే లాభం లేదు, వేరుతో సహా తీసి ఆ సందును సున్నం, ఇటుక పొడి కలిపిన గారతో పూడ్చాలి. పిట్టగోడ, డాబా కలిసే మూలను నీరు నిలవకుండా వాలుగా పూయించాలి.

ఈసారి కాగితం మీద

పనిని మాట మీద ఇవ్వకండి. తెల్లకాగితం మీదైనా రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఏ గోడ, ఎన్ని చదరపు అడుగులు, ఎంత ఎత్తు, ఏ పాళ్లు, ఏ నీళ్లు, ఎన్ని పొరలు, పొరకు పొరకు మధ్య ఎన్ని రోజులు అన్నీ ఉండాలి. "సిమెంటు వాడరాదు" అన్న మాట విడిగా రాయండి. ముందు రెండు అడుగుల చదరం పూత వేయించి, పది రోజులు చూసి, నచ్చాకే మిగతాది ఒప్పుకోండి. మేస్త్రికి ఇంతకుముందు చేసిన సున్నపు పని ఏదైనా ఉంటే, అది ఒక వానాకాలం దాటినదైతే, వెళ్లి చూసి ఆ ఇంటివాళ్లతో మాట్లాడండి.

అడ్వాన్సు మొదటి వారం సరుకుకు సరిపడా మాత్రమే ఇవ్వండి. తర్వాత కొలిచి, అయిన పనికే డబ్బు. రోజూ సాయంత్రం ఫోటో తీసి, ఎంతమంది వచ్చారో, ఏం చేశారో రాసుకోండి. ఒక వానాకాలం గడిచేదాకా మొత్తంలో పది శాతం ఆపుకుంటామని మొదటి రోజే చెప్పండి, కాగితంలో రాయండి. మధ్యలో చెబితే గొడవే. మా పెద్దమేస్త్రి అది విని కొంచెం నొచ్చుకున్నాడు, కానీ ఒప్పుకున్నాడు.

పని అయ్యాక గోడ మీద కొత్తగా పెన్సిలు గీత గీయండి, వెల్ల వేశాక కూడా కనబడేలా ఏ మూలనైనా సరే. జూన్‌లో తొలకరికి ఒకసారి, ఆశ్వయుజ కార్తీకాల తుపాను వానల్లో ఇంకోసారి ఆ గీత దగ్గర కూర్చుని చూడండి, చేత్తో తడమండి, నోటుబుక్కులో రాయండి. మా గోడ నవంబరు చివరి దాకా గీత దాటలేదు. డిసెంబరు మొదటి వారంలో మేస్త్రిని ఇంటికి పిలిచి గోడ చూపించి, ఆపిన పది శాతం చేతిలో పెట్టాం.